నైలునదీ విహారములు

ఈ నడుమ మనవారిలో ధనవంతులకు విదేశయాత్రలపై ప్రీతి హెచ్చినది. ఇది సంతోషింపవలసిన విషయమే. సముద్రమును దాటినవాడు కులభ్రష్టుడగునని శపించి, తిరిగివచ్చినవానిచేత ప్రాయశ్చిత్తము చేయించి, అప్పటికిని పంక్తికి రానీయక బాధించిన పండితులతో మన పెద్దలు పోరాడిన దినములు మఱి యంత ప్రాచీనములు కావు. ఆ పోరాటమున వారు ముఖ్యముగా చెప్పిన హేతువొకటి కలదు. పరదేశములను చూచినవానికి బుద్ధి వికసించుననియు, ఇతర జనుల కష్టసుఖముల నెఱిగినవానికి తన దేశములోని దోషములు కానవచ్చుననియు వారనిరి. ఆ హేతువునకు నేడు పట్టిన గతిని చూపుటకు మేమొక్క యాత్రను మాత్రము గ్రహించుచున్నాము.

మా యెదుట ఇప్పుడు రెండు మూడు ప్రకటనపత్రము లున్నవి. అన్నియు ఈజిప్టుదేశమున నైలునదిమీద తెరచాప పడవలలో సాగు విలాసయాత్రలను గూర్చినవే. ఎస్నాయొద్ద పడవ నెక్కి అస్వానులో దిగవలెను. నాలుగైదు రాత్రులు నీటిమీదనే నివాసము. పడవకు ఎనిమిదో పదియో గదులు, ప్రతిగదికిని స్నానపుటఱ, మీది యంతస్తున చాందినీ, పఱుపులు, చల్లని పానీయములు. ఉదయమున నొక దేవాలయము, సాయంకాలమున మఱియొక దేవాలయము. నడుమ తీరమున ఖర్జూరవనములు, గాడిదనెక్కి పోవు రైతు, నీటియొడ్డున బట్టలుదుకు స్త్రీలు. ఇచ్చట కాలము నిలిచియున్నదని యొక పత్రము చెప్పుచున్నది. ఫరోల నాటినుండి ఈ తీరము మాఱలేదని మఱియొకటి చెప్పుచున్నది. వీనిని చదివి పోయివచ్చిన మనవారు గ్రంథాలయములలో ఉపన్యసించుచు, పత్రికలకు యాత్రావ్యాసములు పంపుచు, ఈ మాటనే మరల మరల వల్లించుచున్నారు. మా వివాదమంతయు ఈ యొక్కమాటతోనే. ఇది అసత్యము. అసత్యము లన్నియు హాని చేయవు, కాని యీ యసత్యము ఒక జాతిని దాని యింటినుండి వెడలగొట్టిన సంగతిని కప్పిపుచ్చుట కుపకరించుచున్నది.

ముందు పడవ సంగతి చెప్పుదుము. దీనిని అరబ్బీభాషలో దహబీయ యందురు. అది బంగారమను అర్థముగల మాటనుండి పుట్టిన పేరు. పూర్వము ప్రభువుల పడవలకు బంగారుపూత యుండెడిదట. నైలు దక్షిణమునుండి ఉత్తరమునకు పాఱును. గాలి తఱచుగా ఉత్తరమునుండి దక్షిణమునకు వీచును. కావున ఎగువకు పోవువాడు తెరచాప నెత్తును, దిగువకు వచ్చువాడు దానిని దింపి ప్రవాహమున విడిచిపెట్టును. ఇంత సుకరమైన జలమార్గము లోకమున అరుదు. 1849లో ఫ్లారెన్సు నైటింగేలు ఇట్టి పడవలోనే ఎగువకు పోయెను. 1869లో, సూయజు కాలువ తెరువబడిన సంవత్సరముననే, థామస్ కుక్ అను యాత్రావ్యాపారి తన తొలి బృందమును నైలుమీదికి తీసికొనివచ్చెను. పిమ్మట ఆవిరిపడవలు వచ్చి దహబీయలను మూలకు త్రోసినవి. ఇప్పుడు వందమందిని, నూటయేబదిమందిని మోయు బహుళాంతస్తుల యంత్రనౌకలు విసుగు పుట్టింపగా, ఏకాంతమును కోరు ధనికులకొఱకు దహబీయ పునర్జన్మ మెత్తినది.

ఈ పునర్జన్మమున నొక చమత్కారము కలదు. ఇప్పటి దహబీయలలో పెక్కింటికి యంత్రము లేదు. గాలి పడిపోయినపుడు ఒక చిన్న యంత్రపుపడవ ముందు నడచుచు దీనిని త్రాటితో లాగుకొనిపోవును. గాలి యెవరి యాజ్ఞకును లోబడునది కాదు గనుక దీనిని మేము తప్పుపట్టము. ఐనను మా యెదుటనున్న పత్రములలోని చిత్రములను ఎన్నిమాఱులు చూచినను ఆ త్రాడు కాని, ఆ చిన్నపడవ కాని, దాని పొగలో రాత్రింబవళ్లు కూర్చుండు మనుష్యుడు కాని కానరాలేదు. నిండిన తెరచాపలు మాత్రము కానవచ్చుచున్నవి. ఈ యాత్రలో చూపదగినదేదో, పటమునకు వెలుపల నుంచదగినదేదో నిర్ణయించు పద్ధతి ఇట్టిది. ఆ పద్ధతినే తీరమునందును అనుసరించుచున్నారు.

కాలము నిలిచియున్నదను మాట సంగతి చూతము. ఎస్నాలోని ఖ్నూమ్ దేవాలయము నేటి వీథికి సుమారు తొమ్మిది మీటర్ల లోతున గోతిలో నున్నది. వేలయేండ్లుగా ఇండ్లు పడి, ఇండ్లమీద ఇండ్లు లేచి, ఊరు పైకి వచ్చినది, గుడి క్రిందికి పోయినది. ఎడ్ఫూలోని హోరస్ ఆలయము క్రీస్తుపూర్వము 237లో నారంభమై 57లో ముగిసినది. అనగా నూట యెనుబది యేండ్లు కట్టిరి. 1860 ప్రాంతమున మారియట్టను ఫ్రెంచి పండితుడు దానిని వెలికితీయునాటికి కప్పుమీద ఇండ్లు కట్టుకొని జనులు కాపురముండిరి. గుడి నేడు శుభ్రముగా, ఒంటరిగా, చిత్రము తీయుట కనువుగా నిలిచియున్నదన్నచో, అది కాలము నిలిచిపోవుటవలన కాదు. ఆ కాపురములవారు లేచిపోయిరి గనుక అట్లున్నది. లక్సరునకు ఎదుట, పడమటిగట్టున, గోరీల కొండమీది గుర్నా గ్రామమును 2006 మొదలుకొని కూల్చివేసి అచ్చటివారిని వేఱుచోటికి తరలించిరి. 2021 నవంబరులో మహావైభవముతో తెఱచిన సింహశరీర ప్రతిమల రాజమార్గముకొఱకు లక్సరు నగరమున ఎన్నో యిండ్లు తీసివేసిరి. పురాతనమును కాపాడుట అవశ్యకర్తవ్యమే. కాని పురాతనము చుట్టు మనుష్యుడుండుట కళంకమని తలచు వాడుక ఎచ్చటినుండి వచ్చినదో ఆలోచింపవలెను.

ఇక నదిసంగతి. పత్రములలో వర్ణింపబడిన నైలు, ఏటేట వరదతో ఉబికి నల్లని ఒండ్రును పొలములపై పఱచి పోవు నైలు, 1964 తరువాత లేదు. అస్వానునకు ఎగువ నిర్మించిన ఉన్నతబంధము ఆ యేట నీటిని నిలువబెట్టుట కారంభించినది. నేడు దహబీయ క్రింద పాఱు నీరు బంధముయొక్క తూములనుండి యింజనీర్లు కొలిచి విడుచు నీరు. ఒండ్రు బంధమునకు వెనుకనే యడుగున పడియున్నది. తీరమున యాత్రికుడు చూచి మురియు పచ్చని పైరు రసాయనపు టెరువులతో పండుచున్నది. ఫరోల నాటి రైతు ఈ నదిని గుర్తింపజాలడు.

పూర్వపు యాత్రికులందఱును గ్రుడ్డివారని మేము చెప్పము. లూసీ డఫ్ గార్డన్ అను ఆంగ్లస్త్రీ క్షయరోగపీడితయై 1862లో ఈజిప్టునకు వచ్చి, లక్సరు ఆలయముమీద నిలిచియుండిన యొక పాతయింట కొన్ని సంవత్సరములు నివసించి, 1869లో ఆ దేశముననే మరణించెను. ఆమె కూడ నదిని వర్ణించినది, గుళ్లను వర్ణించినది. కాని ఆమె జాబులలో మనకు మఱువరానివి వెట్టిచాకిరికి పట్టుకొనిపోబడిన రైతులు, పన్నులకై కొట్టబడిన గృహస్థులు, ఆమెయొద్దకు మందునకై వచ్చు ఇరుగుపొరుగువారు. వారికి పేర్లున్నవి, కోపతాపములున్నవి. అమీలియా ఎడ్వర్డ్సు సంగతి వేఱు. ఆమె 1873లో దహబీయలో బయలుదేఱి అబూ సింబెల్ వఱకు పోయి, గొప్పగ్రంథము వ్రాసి, 1882లో ఈజిప్టు పరిశోధన సంఘమును స్థాపించిన విదుషీమణి. అబూ సింబెలులోని రామెసెసు ముఖముమీద ఎవరో అచ్చు తీసినపుడు మిగిలిన సున్నపుమరకలు చూచి యోర్వలేక, తన నావికులచేత గీకించి, తెల్లగా మిగిలిన చోటుల కాఫీ పూయించినది. రాతిముఖముమీది మచ్చకు నొచ్చుకొన్న ఆ హృదయమును మేము పరిహసింపము. ఆ మచ్చ తుడిచిన నావికుల ముఖములవైపు లోకము ఎంతకాలమునకు చూచినదను ప్రశ్న మాత్రము మాకు కలుగుచున్నది.

ఇప్పుడు కోమ్ ఒంబోకు వత్తము. అస్వానునకు సుమారు నలుబదియైదు కిలోమీటర్ల దిగువన నదియొడ్డుననే ఉన్న జంట దేవాలయమిది. ఒక సగము మొసలిముఖపు సోబెక్ దేవునిది, రెండవ సగము పెద్ద హోరసుది. పడవ గుడిముందరనే కట్టుదురు. గుడి చూచి, ప్రక్కనున్న శాలలో ఎండబెట్టి కట్టలుకట్టిన మొసళ్లను చూచి, యాత్రికులు చీకటి పడునప్పటికి పడవ నెక్కుదురు. మూడువేల యేండ్లక్రిందట మొసలిని పూజించినవారిని గూర్చి వారికి చక్కగా బోధింతురు. ఆ గుడికి వెనుక, నదికి కొన్ని మైళ్ల దూరమున, చెఱుకుతోటల కావల, నస్ర్ అల్ నూబా అను ప్రాంతము కలదు. అచ్చట ఎవరు నివసించుచున్నారో, ఏల నివసించుచున్నారో ఆ పడవలో చెప్పువాడు లేడు. మేము చదివిన యాత్రావ్యాసములలో ఆ పేరు ఒక్కదానియందును లేదు.

నూబియా యనునది అస్వానునుండి దక్షిణముగా సూడాను లోపలివఱకు నైలు కిరుప్రక్కల సాగిన సన్నని నేల. అచ్చటివారి భాష వేఱు, పాట వేఱు, ఇండ్లు కట్టు తీరు వేఱు. మట్టిగోడలకు సున్నము పూసి, చిత్రములు తీర్చి, నడుమనడుమ పింగాణి పళ్లెములు పొదిగి వారు కట్టిన యిండ్లను చూచి మహాశిల్పులు ముగ్ధులైరి. ఒకప్పుడు ఈజిప్టునే ఏలిన రాజులు ఈ నదీఖండమునుండి వచ్చినవారు. ఇంకొకమాట. యాత్రికులు కన్నులప్పగించి చూచు ఫిలే ద్వీపమున ఐసిస్ దేవతకు కడపటివఱకు పూజలు చేసినవారు ఈ దక్షిణపు జనులే. మిగిలిన ఈజిప్టు క్రైస్తవమతమున చేఱిపోయిన పిమ్మటకూడ వీరు ఆ గుడికి వచ్చుచుండిరి. ఆఱవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి ఆజ్ఞచే ఆ గుడి మూయబడినది. గుడిని కాపాడినవారి వారసులకు గుడికి చూపిన గౌరవములో ఎన్నవవంతు దొరికినదో కనుడు.

1902లో అస్వానుయొద్ద బ్రిటిషువారు మొదటిబంధము కట్టిరి. నూబియాలో దిగువపల్లెలు మునిగినవి. 1912లో దానిని ఎత్తుచేసిరి, మరల పల్లెలు మునిగినవి. 1933లో ఇంకను ఎత్తుచేసిరి, మరల మునిగినవి. ఖర్జూరపుచెట్లు నీటిలో నిలిచి చచ్చినవి, మడిచెక్కలు పోయినవి, మగవారు కైరో, అలెగ్జాండ్రియా పట్టణములకు పోయి వంటవారుగను, ద్వారపాలకులుగను బ్రతికి ఇంటికి సొమ్ము పంపుకొనిరి. ఇంత జరిగినను ప్రతిమాఱును మిగిలినవారు తమ యిండ్లను రాతిగట్టుపై మఱికొంత ఎత్తున కట్టుకొని, అదే నదియొడ్డున, అవే ఊరిపేర్లతో నిలిచిరి. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. నీరు పైకివచ్చినపుడు నది నెడబాయక మనిషియే గట్టుపైకి జరుగుట వారు మూడుమాఱులు చేసి చూపిన పని. 1933 నాటి ముంపును బాల్యమున చూచిన మహమ్మద్ ఖలీల్ ఖాసిం ఆ దుఃఖమును నవలగా వ్రాసెను. 1968లో వెలువడిన ఆ నవలపేరు 'అల్ షమందూరా'. ప్రవాహమున గొలుసుతో కట్టివేయబడి తేలుచుండు బుంగకు అది పేరు.

ఉన్నతబంధమునకు 1960లో పని ఆరంభమైనది. ఈమాఱు లేచు నీరు సుమారు 500 కిలోమీటర్ల పొడవున సూడానులోనికి సాగునని తేలినది. నూబియా అంతయు మునుగును. అప్పుడు రెండు పనులు ఒకేకాలమున జరిగినవి. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడని మా కోరిక.

మొదటిది రాళ్లసంగతి. 1960 మార్చి 8న యునెస్కో సంస్థ లోకమునకెల్ల విన్నపము చేసినది. సుమారు యేబది దేశములు ధనమిచ్చినవి. అబూ సింబెలులోని రామెసెసు కొండగుడిని వెయ్యికి పైగా ఖండములుగా కోసి, ఒక్కొక్కటి ఇరువది ముప్పది టన్నుల బరువుగల ఆ ఖండములను ఎత్తి, 65 మీటర్లు పైకి, సుమారు 200 మీటర్లు వెనుకకు జరపి, అదే నీటికెదురుగా, అదే దిక్కునకు ముఖముగా, సూర్యకిరణము గర్భగుడిలోనికి పూర్వమువలెనే ప్రసరించునట్లు తిరిగి కూర్చిరి. 1964 మొదలు 1968 వఱకు పట్టిన ఈ పనికి సుమారు 4 కోట్ల డాలర్లు వ్యయమైనవి. పిమ్మట ఫిలే ఆలయములను అగిల్కియా ద్వీపమునకు మార్చి 1980లో తెఱచిరి. మొత్తముమీద ఇరువదికి పైగా కట్టడములు రక్షింపబడినవి. సాయము చేసిన దేశములకు కృతజ్ఞతగా కొన్ని గుళ్లనే ఇచ్చివేసిరి. డెండూరు గుడి న్యూయార్కులో గాజుగోడల మందిరమున నున్నది. డెబోద్ గుడి మాడ్రిడ్ నగరపు తోటలో నున్నది. ఇది మానవజాతి చేసిన గొప్ప పనులలో నొకటి. దానిని నిందించు మూర్ఖత్వము మాకు లేదు.

రెండవది మనుష్యులసంగతి. 1963 అక్టోబరునుండి 1964 జూనువఱకు ఈజిప్టువైపున సుమారు 50,000 మంది నూబియనులను పడవలకెక్కించి, నదివెంట దిగువకు తెచ్చి, కోమ్ ఒంబో వెనుకనున్న మెరకనేలలో దింపిరి. సూడానువైపున వాదీ హల్ఫా ప్రాంతమువారిని ఇంచుమించు అంతమందినే, నైలునకు బహుదూరమున, అట్బరానదీ ప్రాంతమునకు పొగబండ్లలో తరలించిరి. ఆ పనిని నడిపిన హసన్ దఫల్లా అను అధికారియే పిమ్మట, 1975లో వెలువడిన గ్రంథమున, తాను చూచినదంతయు వ్రాసెను. జనులు బయలుదేఱుటకు ముందు తమవారి సమాధులయొద్దకు పోయిన తీరును అధికారపదవిలో నున్న మనుష్యుడే వ్రాయుట విశేషము. కోమ్ ఒంబోలో దిగినవారికి వరుసలుగా కట్టిన యిరుకుటిండ్లు దొరికినవి. పెక్కిండ్లు అప్పటికి పూర్తికాలేదు. తొలినెలలలో పసిపిల్లలును వృద్ధులును అనేకులు మరణించిరి. వేలయేండ్లు నదియొడ్డున బ్రతికిన జనమునకు వాకిట నది లేదు. ఊళ్లకు మాత్రము పాతపేర్లే పెట్టుకొనిరి. బల్లానా, తోష్కా, కలాబ్షా యను పేర్లతో ఊళ్లు అచ్చట నేటికిని కలవు. అబూ సింబెల్ అను ఊరును కలదు. అబూ సింబెల్ గుడి తన చోటునుండి రెండువందల మీటర్లు జరిగినది. అబూ సింబెల్ ఊరు సుమారు మూడువందల కిలోమీటర్లు జరిగినది.

గుడికి పట్టిన వ్యయములో కొంతభాగముతో, గుడికి వెచ్చించిన బుద్ధిలో కొంతభాగముతో, మనుష్యులనుకూడ ఆ సరస్సు గట్టుననే పైకి జరపరాదా యని అడిగినవారికి అప్పుడు జవాబు దొరకలేదు. ఆ మార్గము వారు మూడుమాఱులు తామే, ఇంజనీరు లేకయే, అనుసరించిన మార్గమని పైన చెప్పితిమి. సరస్సుగట్టున నీరు ఏటేట హెచ్చుతగ్గులు పొందునని, నేల సిద్ధముగా లేదని కొందఱు చెప్పుదురు. ఆ కష్టము నిజమే. కొండను కోసి తిరిగి కూర్చుట సులభమైన పనియా?

బంధమే తప్పని మేము వాదించుటలేదు. 1956లో అమెరికావారును బ్రిటిషువారును ఋణమిచ్చెదమని చెప్పి వెనుదీయగా, నాసరు సూయజు కాలువను జాతీయముచేసి, రష్యావారి సాయముతో ఆ బంధమును కట్టించెను. 1980 తరువాతి సంవత్సరములలో ఎగువదేశములు కఱవుతో కుమిలినపుడు ఈజిప్టును కాపాడినది ఆ జలాశయమే. మొదటి సంవత్సరములలో దేశపు విద్యుత్తులో సగము దానినుండియే వచ్చినది. అట్టి దేశము తనకు నీరును దీపమును ఇచ్చినవారి ఋణమును గుర్తించినదా యనియే మా ప్రశ్న. 2014 నాటి ఈజిప్టు రాజ్యాంగమున 236వ నిబంధనలో, నూబియనులను పదియేండ్లలో వారి పూర్వప్రాంతములకు మరల తెచ్చుటకు ప్రభుత్వము పాటుపడునని వ్రాసిరి. అదే సంవత్సరమున 444వ సంఖ్యగల అధ్యక్షశాసనము సరిహద్దు భూములను సైనిక ప్రాంతములుగా ప్రకటింపగా, ఆ గ్రామభూములలో కొన్ని దానిలోనికే పోయినవి. 2017 సెప్టెంబరులో అస్వాను వీథులలో డప్పులు వాయించుచు, పాటలు పాడుచు తిరిగి పోవుహక్కును కోరిన నూబియనులను చెఱపట్టిరి. పదియేండ్ల గడువు 2024 జనవరిలో దాటిపోయినది. ఆ శీతకాలమునను దహబీయలు నదిమీద తిరిగినవి.

ఇచ్చట మా మిత్రులు రెండు మూడు ఆక్షేపణలు చేయుదురు. యాత్రికుడు వెచ్చించు సొమ్ముతో కళాసి బ్రతుకుచున్నాడు, వంటవాడు బ్రతుకుచున్నాడు, యాత్రలు మానిన వారికి కూడు లేదు అని మొదటిది. ఇది నిజము. యాత్రలు మానుమని మేమెన్నడు నంటిమి? పోవుచునే యుండుడు. కాని కూలి ఇచ్చితిమి గనుక కూలివాని చరిత్ర మాకక్కఱలేదనుట జమీందారు వాదము. మన రైతుల విషయమున దానిని ఖండించి, పరదేశమున దానినే అవలంబించుట తగదు.

విశ్రాంతికై పోయినవానికి ఈ దుఃఖమేల యని రెండవది. విశ్రాంతి కోరువారికి మన కొండలు, మన సముద్రతీరములు చాలును. వేలకొలది మైళ్లు పోయి, మృతరాజుల వంశావళిని తేదీలతో వల్లించుటకు శ్రమపడువారు, ఎదుటనున్న జీవించువారి అఱువదియేండ్ల చరిత్రను వినుటకు మాత్రము అలసిపోయితిమనుట వింతగానున్నది.

నూబియను గ్రామమునుకూడ చూపుదురుకదా యని మూడవది. అవును, అస్వానుయొద్ద మొదటిబంధమునకు దిగువన మునుగక మిగిలిన ఘర్బ్ సెహేల్ గ్రామమునకు యాత్రికులను తీసికొనిపోవుదురు. నీలపుగోడలు, ఒంటెలు, తేనీరు, తొట్టెలో నుంచిన మొసలిపిల్ల. ఆ గ్రామస్థులు తమ నేర్పుతో తమ బ్రతుకు బ్రతుకుచున్నారు. వారిని తప్పుపట్టుట అన్యాయము. కాని మిగిలిన నలుబదికి పైగా గ్రామములు ఏమైనవని అడుగక, మిగిలిన యొక్క గ్రామపు రంగులు చూచి నూబియా నెఱిగితిమనుకొనువానికి ఏమి చెప్పుదుము?

తెలుగువారమైన మాకు ఇంత యావేశమేలయని అడుగువారు కొందఱుండవచ్చును. నూబియా మునుగబోవుచుండగా 1961-62లో త్రవ్వకములకు పోయిన దేశములలో మన దేశమును ఒకటి. భారత పురాతత్త్వశాఖవారు బి. బి. లాల్ నాయకత్వమున అఫ్యే యనుచోట త్రవ్వి, ప్రాచీన నూబియనుల నివాసములను బయల్పఱచిరి. ఆ శాఖయే అంతకు ముందు, 1954 మొదలు 1960 వఱకు, ఇట్టి పనినే మన కృష్ణాలోయలో చేసియుండెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఇక్ష్వాకుల విజయపురి మునుగవలసివచ్చినది. ఎన్నియో స్తూపములను, విహారములను కొండపైకిని, అనుపునకును తరలించి తిరిగి కట్టిరి. నేడది ద్వీపము. మనవారు లాంచిలో పోయి చూచివచ్చుచున్నారు. శ్రీశైలము జలాశయము నిండుటకు ముందు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి నిలిపిరి. 1981లో ఆ జలాశయపు ముంపులో నూఱు గ్రామములకు పైగా పోయినవి. నీరు రాకముందే ఇండ్లను కూల్చి జనులను వెడలించిరి. ఈ ద్వీపమునకు, గుళ్లకు పోయి ప్రదక్షిణముచేసి వచ్చినవారిలో మునిగిన ఊళ్లలో నొకదాని పేరు చెప్పగలవారెందఱు? గోదావరిపై పాపికొండల నడుమ పడవలో భోంచేయుచు పోవు ఉల్లాసయాత్రికులకు గట్టుమీద కానవచ్చు కోయ, కొండరెడ్డి పల్లెలు ప్రకృతిశోభలో భాగములు. పోలవరపు నీటికొఱకు ఆ పల్లెలు ఖాళీయగుచున్న సంగతి వారి చిత్రములలో పడదు. కావున నైలుమీద మనవాడు నేర్చుకొనిన గ్రుడ్డితనము పరదేశమున కొత్తగా అంటినది కాదు. ఇంటినుండి పెట్టెలో పెట్టుకొనిపోయినదే. నూబియాను సరిగా చూచివచ్చినవాడు కృష్ణాతీరమును, గోదావరీతీరమును కూడ మఱియొకవిధముగా చూచును గదా యను ఆశచేతనే ఇంత వ్రాసితిమి.

వచ్చు శీతకాలమున పోవువారికి మా మనవి ఒక్కటి. ఇది వ్యయముతో కూడినదికాదు. పడవ కోమ్ ఒంబోయొద్ద ఆగును. మొసళ్లను చూచిన పిమ్మట, సరంగును మఱియొక పూట పడవ నిలుపుమని అడుగుడు. పెద్దనౌకలకు కాలపట్టిక కలదు గాని దహబీయకు అంత నిర్బంధము లేదు. పత్రములలో దానినే గొప్పగా చాటుచున్నారు. ఒడ్డున బండి కుదుర్చుకొని నస్ర్ అల్ నూబాకు పొండు. అబూ సింబెల్ ఊరు ఎచ్చటనో అడుగుడు. పాతయూరిలో పుట్టినవారు ఇంకను కొందఱు జీవించియున్నారు. నాడు బిడ్డలుగా పడవ నెక్కినవారికి నేడు అఱువది, డెబ్బది యేండ్లు దాటినవి. వారు మాటలాడనొల్లనిచో వారిని శ్రమపెట్టక తిరిగిరండు. మాటలాడినచో వినుడు. అడిగి, వారు సమ్మతించినచో పేర్లు వ్రాసికొనుడు. విన్నది విన్నట్లు వ్రాసి మాకు పంపినచో, రామెసెసును గూర్చి మా కార్యాలయమునకు వచ్చి పేరుకొనియున్న పదునాలుగు వ్యాసములకంటె ముందు దానిని ప్రచురించెదము.